తొమ్మిది చుక్కలు

షాపు వెనక గది,
జనవరి 12

మా ఇంటి వకీలుకి,

నీ ఉత్తరం అందింది. ఆదివారం ఫోన్లో సరిగా మాట్లాడలేదని కోప్పడ్డావు. మీ బావ పక్కనే కూర్చుని స్పీకర్ పెట్టమంటారు. ఆయన ఏమీ అనరు, వింటారంతే. నాకే భయం, మాట పైకి రాదు. కాగితం మీదైతే ఆ భయం లేదు. మీ నర్సింగ్ హాస్టల్లో వారానికి ఆరు రోజులు ఫోన్లు బీరువాలో పెట్టి తాళం వేస్తారని నువ్వు ఏడుస్తావు గానీ, దాని పుణ్యమాని కదా నాకు ఉత్తరాలు వస్తున్నాయి.

కొత్త కబురు చెప్తాను, నవ్వకు. నన్ను షాపు కౌంటర్లో కూర్చోబెట్టారు. చుట్టాలొచ్చి పేరడిగితే నీ వెనక నక్కేదాన్ని, ఇప్పుడు ముక్కూమొహం తెలియని వాళ్ళతో మాట్లాడాలి. "నువ్వు ఊరికే కనిపిస్తూ ఉంటే చాలు, ఆడవాళ్ళు ధైర్యంగా వస్తారు" అన్నారు మీ బావ. నిజంగానే వస్తున్నారు.

నా పని రిజిస్టరు రాయడం. వరస నంబరు, తేదీ, పేరు, ఫోనుకి ఏమైంది, ఆఖరి గడిలో లాకు. బాగయిందో లేదో చూడాలంటే లాకు తీయాలట. తొమ్మిది చుక్కలు పెట్టి, వాళ్ళు వేలితో ఎలా గీస్తారో అలా గీత గీస్తాను. ఒకరిది గొడుగు పిడిలా ఉంటుంది, ఇంకొకరిది విరిగిన కుర్చీలా. ఆడపిల్లలు చెప్పడానికి తటపటాయిస్తారు. అప్పుడు ఏమనాలో మీ బావే నేర్పారు. "పర్వాలేదమ్మా, నేనూ ఆడదాన్నే కదా" అనాలి. మొదటిరోజు ఆ ఒక్క ముక్క అనడానికి చెమటలు పట్టాయి. ఇప్పుడు అలవాటైంది. ఆ మాట అనగానే వాళ్ళ మొహాలు తేలికపడతాయి. నా మాట మీద ఒకరు నమ్మకం పెట్టుకోవడం నాకు కొత్త, వకీలూ. నీకు జడ వేయడానికి, అన్నం పెట్టడానికి ఐదో తరగతిలో బడి మానేసిన దాన్ని. నా చేతిరాతతో ఒక పుస్తకం నిండుతోంది.

నీ గదిలో ఉండే రేడియో మొన్న వచ్చింది. డిస్‌ప్లే పగిలిందట. రేడియో అని పేరెందుకు పెట్టారో ఐదు నిమిషాల్లో అర్థమైంది. ఎడమ భుజం కింద గడ్డ తీశారని, కుట్లు మానుతున్నాయని, డాక్టరు రోజుకో ఫోటో తీయమన్నాడని, అందుకోసం మీ వార్డెన్ రోజూ ఐదు నిమిషాలు ఫోను ఇస్తోందని, ఆ వార్డెన్ నడక ఎలా ఉంటుందో, అన్నీ చెప్పింది. నడిచి కూడా చూపించింది. నంబరు 214 ఆ పిల్లది. మర్నాటికే బాగుచేసి ఇచ్చారు మీ బావ.

నా ఫోను కూడా ఆయన చేతిలో పుట్టిందే. మూడు పాడైన ఫోన్ల ముక్కలు కలిపి చేశారు. పని చేస్తుంది.

నీ
అక్క


హాస్టల్, మూడో అంతస్తు,
ఫిబ్రవరి 2

కౌంటరు అక్కకి,

నువ్వు కౌంటర్లో కూర్చున్నావని గదిలో అందరికీ చదివి వినిపించాను. "మీ అక్క మాట్లాడుతుందా?" అని ఒకర్తి ఆశ్చర్యపోయింది. "నేను చెప్పిందంతా విన్నది, అది చాలు" అంది రేడియో. ఫోను అద్దంలా చేసిచ్చారని బావని తెగ పొగిడింది. ఆ మాట నమ్మి ఇంకో ఇద్దరు ఈ ఆదివారం మీ షాపుకే వస్తున్నారు. కమీషను నాకు పంపించు, జంతికలైనా సరే.

మొన్న మా కాలేజీకి పోలీసు ఆఫీసరు ఒకావిడ వచ్చింది. సైబర్ నేరాల గురించి క్లాసు. అందరం నిద్రపోవడానికి వెనక బల్లలు వెతుక్కున్నాం. ఆవిడ మైకు తీసుకుని, "ఫోటోలో మొహం మీద మచ్చలు పోగొట్టడం ఎంతమందికి వచ్చు?" అంది. హాలంతా చేతులే. "మీ ఫోటో చూపించి ఎవడైనా బెదిరిస్తే ఎక్కడ చెప్పాలో ఎంతమందికి తెలుసు?" అంది. మూడు చేతులు లేచాయి. అందులో ఒకటి బాత్రూముకి వెళ్తానని లేచిన చెయ్యి.

తర్వాత ఎవరూ నిద్రపోలేదు. ఆవిడ చెప్పింది నాకు కంఠతా వచ్చేసింది. బెదిరింపు వస్తే సిగ్గుతో చెరిపేయకూడదు. ఆ మెసేజీ, పంపినవాడి నంబరు, తేదీ కనిపించేలా స్క్రీన్ ఫోటో తీసి దాచుకోవాలి. జవాబు ఇవ్వకూడదు. స్టేషన్‌కి వెళ్ళొచ్చు, లేదా కూర్చున్న చోటి నుంచే కంప్యూటర్లో ఫిర్యాదు రాయొచ్చు, ఫోన్ చేయడానికి నంబరు కూడా ఉంది. "ఇది మా పరిధి కాదు" అని ఏ స్టేషనూ తిప్పి పంపడానికి లేదు. పంపినవాడిదే కాదు, దాన్ని ఇంకొకరికి తోసినవాడిదీ తప్పే.

చివర్లో రేడియో లేచి, "మేడమ్, మా అమ్మకి తెలియకుండా ఫిర్యాదు చేయొచ్చా?" అంది. అందరం పడీ పడీ నవ్వాం. ఆవిడ మాత్రం నవ్వలేదు.

ఇవన్నీ పెద్ద అక్షరాలతో అట్ట మీద రాసి మెట్ల దగ్గర అంటించాను. మర్నాడు వార్డెన్ చింపేసింది. "ఇలాంటివి కనబడితే ఇక్కడ ఇలాంటివి జరుగుతాయనుకుంటారు" అట. మళ్ళీ రాశాను. ఈసారి మా గది తలుపు లోపలి వైపు.

నీ
వకీలు


షాపు వెనక గది,
ఫిబ్రవరి 20

వకీలుకి,

పని ఎక్కువగా ఉంది, అందుకే ఆలస్యం. మీ వాళ్ళిద్దరూ వచ్చి వెళ్ళారు.

నువ్వు రాసిన క్లాసు సంగతి ఒక కస్టమరుకి చెప్పాను. ఆవిడ ఒకటి అడిగింది. ఎవరిదైనా ఫోటో వాళ్ళకి తెలియకుండా ఒకరి దగ్గర ఉందనుకో. ఎవరికీ చూపించలేదు, ఎవరినీ ఏమీ అనలేదు. ఊరికే ఉంచుకున్నారు. అదీ తప్పేనా? మీ ఆఫీసరమ్మ దాని గురించి ఏమైనా చెప్పిందా? ఆ కస్టమరు మళ్ళీ వస్తే చెప్పాలి.

ఇంకెవరినీ మా షాపుకి పంపకు. మీ బావకి పని ఒత్తిడిగా ఉంది.

ఆరోగ్యం జాగ్రత్త.

అక్క


హాస్టల్,
మార్చి 9

అక్కా,

మీ కస్టమరుకి చెప్పు, అదీ నేరమే. అడగకుండా తీసుకున్న క్షణమే నేరం. ఆ క్లాసు నోట్సు నాకు ఇప్పుడు పాఠం కాదు. ఎందుకో చెప్తాను, ఇంట్లో ఎవరికీ చదివి వినిపించకు.

మూడు ఆదివారాల నుంచి రేడియో మాట్లాడడం లేదు. ఫోన్లు ఇచ్చే గంట రాగానే కడుపునొప్పి అని పడుకుంటోంది. నిన్న పట్టుకుని కూర్చోబెడితే చెప్పింది. ఎవడో తన ఫోటోలే తనకి పంపాడు. డాక్టరు కోసం రోజుకొకటి తీసుకుందే, కుట్ల ఫోటోలు, పన్నెండు. గాయం ఎక్కడుందో నీకు తెలుసు కదా. ఇంకా కావాలట. పంపకపోతే క్లాసు అందరికీ పంపుతాడట.

"మెసేజీలు చూపించు" అన్నాను. లేవు. భయంతో ఎప్పటికప్పుడు చెరిపేసిందట. ఆ రోజు హాల్లో నా పక్కనే కూర్చుని విన్నది, అక్కా. అందరిలో తనే లేచి ప్రశ్న అడిగింది. "తలుపు మీద రాసి పెట్టాను కదే, రోజూ చూస్తున్నావు కదే" అని అరిచాను. "చూస్తూనే చెరిపేశాను. చేతికి చెప్పలేకపోయాను" అంది.

ఆ ఫోటోలు ఆ పిల్ల ఎవరికీ పంపలేదు. డాక్టరుకి కూడా ఫోను చేతికిచ్చి చూపించింది, అంతే. ఆ ఫోను మీ షాపుకి తప్ప ఎక్కడికీ వెళ్ళలేదు.

బావ అలాంటివాడు కాదని నాకు తెలుసు. షాపులోకి ఇంకెవరైనా వస్తారా? కంప్యూటరు ముందు ఎవరైనా కూర్చుంటారా? గుర్తు చేసుకుని రాయి.

వకీలు


మార్చి 20

చెల్లికి,

షాపులోకి ఎవరూ రారు. పోయిన ఫోటోలు ఎలా పోయాయో మాకేం తెలుసు? ఆ పిల్ల ఎక్కడెక్కడ ఏం నొక్కిందో. మీ బావ పొద్దున్నుంచి మెడ వంచి పని చేసుకునే మనిషి. ఆయన షాపు పేరు ఎక్కడా ఎత్తకు. నువ్వు చదువుకోవడానికి వెళ్ళావు, చదువుకో.

ఇక నుంచి ఉత్తరాలు ఇంటికి రాయకు. ఎదురుగా కుట్టు షాపు వదిన ఉంది కదా, ఆవిడ పేరున రాయి. నేను తెచ్చుకుంటాను.

ఆరోగ్యం జాగ్రత్త.

అక్క


హాస్టల్,
ఏప్రిల్ 1

అక్కా,

వాడు అన్నంత పనీ చేశాడు. ఆదివారం ఫోన్లు మా చేతికి వచ్చిన పది నిమిషాలకి క్లాసు గ్రూపులో పన్నెండు ఫోటోలూ వచ్చి పడ్డాయి. కింద రాసిన మాట నీకు రాయలేను. ఈసారి నేను చెరిపేయలేదు. స్క్రీన్ ఫోటో తీశాను. పంపిన నంబరులో చివరి నాలుగు అంకెలు 4471.

రేడియో వాళ్ళ నాన్న వచ్చి తీసుకెళ్ళిపోయాడు. సంచి సర్దుతుంటే ఒక్క మాట లేదు. గుమ్మం దగ్గర మాత్రం ఆగి నాతో అంది: "మీ అక్కే కదే అడిగింది. పర్వాలేదమ్మా, నేనూ ఆడదాన్నే కదా అని."

ఆఖరి ఏడాది, అక్కా. ఇంకో మూడు నెలలుంటే తెల్ల కోటు వేసుకునేది.

నీకో సంగతి చెప్పనా? అమ్మ పోయినప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. అమ్మ ఊరెళ్ళిందని చెప్పి, "ఒంట్లో జాగ్రత్తగా ఉండాలి, సరేనా" అన్నావు. నువ్వు అబద్ధం చెప్పిన ప్రతిసారీ చివర ఆరోగ్యం గురించి చెప్తావు. నీ ఫిబ్రవరి ఉత్తరం, మార్చి ఉత్తరం పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను.

ఆ కస్టమరు ఎవరు?


కుట్టు షాపు,
ఏప్రిల్ 11

వకీలూ,

కస్టమరు లేదు. నేనే.

కుట్టు వదిన మిషను పక్కన బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. ఏం రాస్తున్నావని ఆవిడ అడగలేదు. నా ఏడుపు బయటికి వినిపించకూడదనేమో మిషను ఆపకుండా కుడుతోంది, నేను అడగకుండానే.

ఫిబ్రవరిలో ఒకరోజు మీ బావ భోజనానికి ఇంట్లోకి వెళ్తూ, కంప్యూటర్లో పాట అయిపోతే ఇంకోటి పెట్టమన్నారు. పాటలు ఎక్కడున్నాయో తెలియక ఏదో నొక్కాను. నాకు ఇంగ్లీషు రాదు. అంకెలు వచ్చు. వరసగా అంకెలు కనిపించాయి. 87, 103, 131. ఎక్కడో చూసినట్టుందే అనుకున్నాను. అవి నా అంకెలు. నేను రిజిస్టర్లో వేసే నంబర్లు. 214 తెరిచాను, రేడియో ఫోటోలు.

మొత్తం ముప్పై ఒకటి ఉన్నాయి. ముప్పై ఒకటీ ఆడవాళ్ళవే.

అప్పుడు నీకు డొంకతిరుగుడుగా ఆ ప్రశ్న రాశాను. నువ్వు "కాదులే, ఉంచుకుంటే తప్పేం లేదు" అని రాస్తావని ఎదురుచూశాను. చూడడమే తప్ప ఏమీ చేయరులే అనుకున్నాను. మొగుడి గురించి అనుకోవడానికి అదెంత దరిద్రపు మాటో, అప్పుడు అదే నాకు ఊరటగా ఉంది.

నీ ఉత్తరం చదివాక ఇక ఉండలేకపోయాను. మొన్న మంగళవారం ఆయన సామాను కోసం బజారుకి వెళ్ళారు. అత్తగారు లోపల టీవీ చూస్తున్నారు. ఎలా తీసేయాలో నాకు తెలుసు, కస్టమర్లకి ఆయన చేస్తుంటే చూశాను. ఒక్కొక్కటీ తీసేశాను. చెత్తబుట్ట బొమ్మలో పడినవి కూడా ఖాళీ చేశాను. ముప్పై ఒక్క మందివీ. ఒక్కొక్కరి మొహం గుర్తు చేసుకుంటూ చేశాను. బండలు కడిగినట్టు కడిగేశాను.

రేడియోకి చెప్పు. ఇక ఇక్కడ ఒక్క ఫోటో కూడా లేదని, నేనే నా చేత్తో తుడిచేశానని చెప్పు. ఆ పిల్లకి నేను చేయగలిగింది అదొక్కటే అనిపించింది.

అక్క


హాస్టల్,
ఏప్రిల్ 15

అక్కా, ఎంత పని చేశావు.

కోపంగా రాయకూడదని రెండు కాగితాలు చింపాను. రేడియో చేసిన పనే నువ్వూ చేశావు. ఆ పిల్ల తన మీద పడిన బురద కడుక్కుంది. నువ్వు వాడి చేతులు కడిగిపెట్టావు. అవి అక్కడ ఉంటేనే కదా బావ తీశాడని తేలేది! వాడు బయటికి వదిలినవి నువ్వు తుడవలేవు. వాడిని పట్టించేవి తుడిచావు.

తలుపు మీద అంటించింది నీకు కూడా ఉత్తరంలో రాశాను కదా. చెరిపేయకూడదని. నువ్వు చదివావు. రేడియో చూసింది. చదివినవాళ్ళకి, చూసినవాళ్ళకి కూడా ముందు తుడిచేయాలనే ఎందుకు అనిపిస్తుంది?

సరే. విను. ఆఫీసరమ్మ ఇచ్చిన నంబరుకి వార్డెన్ గది నుంచి ఫోన్ చేశాను. ఎవరి గురించో చెప్పలేదు. తుడిచినా తిరిగి తీయగలరట, ఆ కంప్యూటరుని ఇంకా ఎక్కువ వాడకుండా, డిస్కు మార్చకుండా ఉంటే. తీయగలరనే నమ్మకం లేదు, ప్రయత్నిస్తారు. కాబట్టి నువ్వు దాన్ని ముట్టుకోకు.

రిజిస్టరు జాగ్రత్త చెయ్యి. 214 ఎవరిదో, ఏ తేదీన వచ్చిందో, లాకు మీ దగ్గర ఉందని చెప్పేది అదొక్కటే. అది తీసుకుని స్టేషన్‌కి వెళ్ళు. నువ్వు మాట్లాడక్కర్లేదు. జరిగింది కాగితం మీద రాసి ఇవ్వు. నీకు కాగితం మీద భయం లేదు కదా.

వెళ్తావా?

వకీలు


కుట్టు షాపు,
ఏప్రిల్ 22

వకీలుకి,

ఆయనకి తెలిసిపోయింది. కంప్యూటర్లో ఆ నంబర్లన్నీ ఖాళీగా ఉండడం చూసి పిలిచారు. అరుస్తారనుకున్నాను. అరవలేదు. స్టూలు లాక్కుని, కస్టమరుతో మాట్లాడినట్టు మాట్లాడారు.

"ఎవరు చెప్పారే నీకు ఇలా చేయమని? మీ చెల్లా?"

"ఎవరూ చెప్పలేదు."

"ఏదో సరదాకి చేశాను. ఎవరైనా చచ్చారా?"

స్టూలు ఇంకొంచెం దగ్గరికి జరుపుకున్నారు.

"పోలీసుల దగ్గరికి వెళ్దామనుందా? వెళ్ళు. ఆటో ఎక్కిస్తాను. పుస్తకం ఎవరు రాశారు? రాత ఎవరిది? లాకులు ఎవరు అడిగారు?" వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టారు. "పోనీ, ఆ నంబరు ఎవరి పేరు మీద ఉందో తెలుసా?"

తెలుసు, చెల్లీ. 4471 అని నువ్వు రాసినప్పుడే తెలుసు. నీకు రాయలేదు. షాపుకి ఇంకో సిమ్ము కావాలని రెండేళ్ళ కిందట నన్ను తీసుకెళ్ళారు. నా కార్డు ఇచ్చాను, వేలిముద్ర వేశాను, ఫోటోకి నవ్వాను. ఆ సిమ్ము ఏ ఫోన్లో పెట్టారని నేనెప్పుడూ అడగలేదు.

అత్తగారు అంతా విన్నారు. "ఆడపిల్లలు అలాంటి ఫోటోలు ఫోన్లో ఎందుకు పెట్టుకోవాలమ్మా?" అన్నారు. ఆవిడకి మోకాలి ఆపరేషను అయినప్పుడు కుట్లు ఎలా ఉన్నాయో రోజూ ఫోటో తీసి ఈయనే డాక్టరుకి పంపారు. ఆ మాట నోటిదాకా వచ్చింది. వచ్చి ఆగిపోయింది, ఎప్పటిలాగే.

నన్ను కౌంటర్లో ఎందుకు కూర్చోబెట్టారో నాకు అప్పుడు అర్థమైంది. నేను రాకముందు ఆ ముప్పై ఒకటిలో ఒక్కటీ లేదు. నేను కూర్చున్నాకే మొదలయ్యాయి. మొదటిది 87. తేదీ చూశాను. నేను కౌంటర్లో కూర్చున్న నాలుగో రోజు. నా బెరుకు చూసి ఆ పిల్లలు నమ్మారు. మాటలు వచ్చినదాన్నయితే ఒక్కరూ నమ్మేవారు కాదేమో.

నెలాఖరుకి కంప్యూటరు మార్చేస్తారట. కొత్తది చెప్పి వచ్చారు. రిజిస్టరు పొయ్యిలో పెట్టమన్నారు. పాత లెక్కల పుస్తకం ఒకటి పెట్టి, అదేనని చెప్పాను. అసలుది కుట్టు వదిన దిండులో పెట్టి కుట్టేసింది. "ఎన్ని కుట్లు వేయమంటావు?" అని అడిగింది. "గట్టిగా వెయ్యి వదినా" అన్నాను. ఇప్పుడు ఆ దిండు మీదే కూర్చుని రాస్తున్నాను.

వెళ్తే ముందు నన్నే పట్టుకుంటారు కదా? నువ్వు కనుక్కుని చెప్పు.

అక్క


హాస్టల్,
ఏప్రిల్ 26

అక్కా,

వెళ్ళకు.

ఆ నంబరుకే మళ్ళీ ఫోన్ చేసి కనుక్కున్నాను. సిమ్ము ఎవరి పేరు మీద ఉంటే ముందు వాళ్ళనే అడుగుతారట. లాకులు రాసిన చెయ్యి కూడా వాళ్ళదే అయితే ఇంకా గట్టిగా అడుగుతారు. నువ్వే చెరిపేశావని తెలిస్తే, దాచడానికి చెరిపావంటారు. "ఆవిడకి తెలియదని నిరూపించుకోవచ్చు, టైము పడుతుంది" అన్నారు. ఎంత టైమో చెప్పలేదు. అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

నీకు ఇల్లు ఉండదు. నాన్న నిన్ను రానివ్వడు, ఆ సంగతి నీకూ తెలుసు. నాకు ఇంకా జీతం లేదు. నువ్వెక్కడుంటావు?

రేడియోకి ఫోన్ చేశాను, ఫిర్యాదు ఇస్తావా అని. వాళ్ళమ్మ తీసి, "ఆ పేరుతో మా అమ్మాయిని పిలవకు" అని పెట్టేసింది. ఆ పిల్లే రానప్పుడు నువ్వెందుకు, అక్కా? కంప్యూటరు మార్చనీ. పుస్తకం కాల్చెయ్యి. నేను చదువు అయ్యాక నిన్ను తీసుకొచ్చేస్తాను, అప్పుడు చూద్దాం.

తలుపు మీద అట్ట తీసేశాను. వార్డెన్ కాదు, నేనే. దాన్ని చూస్తూ నీకు ఈ ఉత్తరం రాయలేకపోయాను.

నా మాట విను. ఈ ఒక్కసారికి.

నీ చెల్లి


పోలీసు స్టేషన్, గోడ పక్క బల్ల,
ఏప్రిల్ 30

వకీలుకి,

నీ ఉత్తరం నిన్న అందింది. రెండుసార్లు చదివాను. కాల్చమన్నావు కాబట్టి నీ ఉత్తరం కాల్చాను. పుస్తకం కాల్చలేదు.

పొద్దున పాల కోసమని బయల్దేరి దిండు చంకలో పెట్టుకుని వచ్చాను. దిండుతో స్టేషన్‌కి వచ్చిన మనిషిని చూసి గేటు దగ్గర కానిస్టేబులు, "ఇక్కడ పడుకోవడానికి కుదరదమ్మా" అన్నాడు. వాళ్ళ కత్తెర అడిగి నేనే కుట్లు విప్పాను. కుట్టు వదిన చాలా గట్టిగా వేసింది.

లోపల ఆఫీసరు ఏం జరిగిందో చెప్పమంది. కాగితాలు అడిగాను. ఐదు కాగితాలు రాశాను, రెండు వైపులా. ఎవరి చేతా రాయించలేదు. నేను చెరిపేసింది కూడా రాశాను. సిమ్ము సంగతీ రాశాను. ఆవిడ చదివి నా వైపు చూసి, "ఈ నంబరు నీ పేరు మీద ఉందని తెలిసే వచ్చావా?" అంది.

"తెలిసే వచ్చానండి."

"మీ ఇంట్లో చదువుకున్నవాళ్ళు ఎవరూ లేరా, వద్దని చెప్పడానికి?"

"ఉంది. చెప్పింది."

మధ్యాహ్నం కంప్యూటరు తెచ్చారు. సంచిలో పెట్టి మూతికి లక్క వేశారు. వెనకే మీ బావ. నా ముందు నుంచి నడుస్తూ ఒక్క క్షణం ఆగి, "నీకు ఇంత నోరుందా?" అన్నారు. నేను నోరే తెరవలేదు, ఆయనకి ఎవరైనా చెప్పాలి. అత్తగారు బయట మెట్ల మీద కూర్చుని, కోడలే అంతా చేసిందని వచ్చేవాళ్ళకి చెప్తున్నారు. కొందరు నమ్ముతున్నారు.

ముప్పై ఒక్క మందికీ కబురు పంపుతారట. రేడియో ఒక్కర్తికే తెలుసు, వకీలూ. మిగతా ముప్పై మందికి తెలియనే తెలియదు. ఎక్కడో వంట చేసుకుంటూనో బస్సు కోసం నిలబడో ఉంటారు. రేపు ఎవరో తలుపు కొట్టి చెప్తారు. నాకు ఇల్లు ఉండదని రాశావు. అది ఆలోచించాను. వాళ్ళ ఇళ్ళ సంగతీ ఆలోచించాను.

ఫోటోలు తిరిగి వస్తాయో లేదో చెప్పలేమన్నారు. నన్ను రేపు మళ్ళీ రమ్మన్నారు, ఎల్లుండి కూడా. ఊరు దాటి వెళ్ళకూడదట. కుట్టు వదిన వాళ్ళింట్లో ఉంటాను. ఆ పేరునే రాయి. ఆ అట్ట మళ్ళీ అంటించు, తలుపుకి బయటి వైపు.

కాసేపటి కిందట నా ఫోను అడిగారు. సాక్ష్యం కింద తీసుకుంటారట. ఒక లేడీ కానిస్టేబులు పుస్తకం తెరిచింది. వరస నంబరు వేసింది. తేదీ వేసింది. నా పేరు రాసింది. ఆఖరి గడి దగ్గర ఆగి పెన్ను నా చేతికిచ్చి, లాకు గీసి చూపించమంది.

తొమ్మిది చుక్కలు పెట్టాను. ఆయన పెట్టి ఇచ్చిన లాకే, మూడేళ్ళలో ఒక్కసారి కూడా మార్చుకోలేదు. అందులో ఏముందని? నీ ఫోటోలు నాలుగు, అమ్మది ఒకటి. అయినా చెయ్యి కదల్లేదు.

ఆ అమ్మాయి నా మొహం చూసింది. చిన్న పిల్ల, నీ ఈడుది. కొంచెం దగ్గరికి వంగి మెల్లగా అంది:

"పర్వాలేదమ్మా. నేనూ ఆడదాన్నే కదా."

గీసి ఇచ్చాను.

నీ
అక్క